రోకటి పాటకు రాగమేమిటి?

"ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "సంగీత చరిత్ర చెప్తాను" అంటాను. ఆ తర్వాత వచ్చే మాట నాకు ముందే తెలుసు. "అయితే ఒక పాట పాడండి!" పెళ్ళిచూపుల్లో అడిగారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగారు. ప్రమోషన్ కమిటీలో కూర్చున్న ఒక పెద్దాయన కూడా నవ్వుతూ అదే అడిగారు. చరిత్ర శాఖలో మొఘలుల గురించి పాఠం చెప్పే మాస్టారిని "ఏదీ, ఒక యుద్ధం చేసి చూపించండి" అని ఎవరూ అడగరు కదా! సంగీతం నేర్చిన ఆడది పాడాలి, అంతే. పాట ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు దాచారు, ఎవరు పారేశారు అని ఆలోచించడం మాత్రం మగవాళ్ళ పని. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఈ లెక్క పెద్దగా మారలేదు.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు గానీ 2022 దాకా కర్నూలు జిల్లానే. ఆళ్ళగడ్డ అంటే బయటివాళ్ళకు ఫ్యాక్షన్ గుర్తొస్తుంది, మాకు శిల్పుల ఉలి చప్పుడు గుర్తొస్తుంది. బస్టాండునుంచి ఇంటికి నడుస్తుంటే రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ళు నిలబడి ఉండేవాళ్ళు. మా నాయన నన్ను వారానికి రెండుసార్లు బస్సెక్కించి నంద్యాలలో ఒక పంతులమ్మ దగ్గరికి సంగీతానికి పంపేవాడు. పిల్ల నాలుగు కీర్తనలు పాడితే సంబంధం తొందరగా కుదురుతుందని ఆయన లెక్క. సరళీ స్వరాలు, జంటలు, గీతాలు, వర్ణం. నోటు పుస్తకానికి బ్రౌన్ కాగితం అట్ట.

ఇంట్లో ఇంకో సంగీతం ఉండేది. మా జేజి కొర్రలు దంచుతూ పాడేది. ఎదురుగా మా పెద్దమ్మ ఇంకో రోకలి పట్టుకుంటే ఒకే రోట్లో ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు. ఒకరు మొదలుపెట్టిన చరణం ఇంకొకరు ముగించేవాళ్ళు. ఒకరోజు నేను నోటు పుస్తకం తెచ్చుకుని "జేజీ, ఈ పాట ఏ రాగం?" అని అడిగాను. "పాటేంది మే, ఇది పని. పని సాగాలంటే నోరు ఆడాల" అంది. ఆ మాట నేను తర్వాత ఎన్ని సెమినార్లలో చెప్పానో! విన్నవాళ్ళంతా నవ్వేవారు. అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. పాడుతున్న మనిషే అది పాట కాదని నమ్మిందంటే, ఆ నమ్మకం ఆమెకు ఎవరో ఇచ్చి ఉండాలి కదా.

ఆళ్ళగడ్డ పక్కనే అహోబిలం. అన్నమయ్య అక్కడ శఠగోపయతి దగ్గర వేదాంతం నేర్చుకున్నాడని ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన జీవితచరిత్ర చెప్తుంది. అందుకే మా ప్రాంతంలో సంగీతం చదువుకున్న ఎవరికైనా అన్నమయ్య అంటే సొంత మనిషి అన్న ధీమా. తిరుమల గుళ్ళో సంకీర్తన భాండారంలో ఉన్న రాగిరేకులు 1920ల్లో లోకానికి తెలిశాయి. వాటి మీద పన్నెండు వేలకు పైచిలుకు పాటలు. వేటూరి ప్రభాకరశాస్త్రి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివాళ్ళు వాటిని చదివి అచ్చుకు తెచ్చారు. అయితే ఆ రేకుల గురించి విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను ఒక చోట ఆగి నొక్కి చెప్పేదాన్ని. రేకు మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. అన్నమయ్య ఏ వరసలో పాడాడో ఎవరికీ తెలియదు. ఈ రోజు మనం వింటున్న వరసలన్నీ ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1950ల్లో తిరుపతిలో కూర్చుని వందకు పైగా పాటలకు వరసలు కట్టి స్వరపరచారు. ఆయన అంతకు ముందు మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పాఠం చెప్పారు, దాదాపు నాలుగు దశాబ్దాలు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 1974లో సంగీత కళానిధి ఇచ్చింది. తెలుగు పంతులు సంగీత చరిత్రలోకి నడిచి వస్తే తలుపు తెరుచుకుంది. మంచిదే. ఆయన పాండిత్యం ముందు నేను నిలబడలేను కూడా.

నాకు పట్టుకున్నది వేరే సంగతి. అన్నమయ్య పాటల్లో సువ్వి పాటలున్నాయి, జోలలున్నాయి, లాలులున్నాయి, గొబ్బిపాటలున్నాయి, జాజరలున్నాయి. ఇవి ఆయన పుట్టించిన రూపాలు కావు. వడ్లు దంచే ఆడవాళ్ళవి, ఉయ్యాల ఊపే ఆడవాళ్ళవి, గొబ్బెమ్మల చుట్టూ తిరిగే పిల్లలవి. ఆయన వాటిని విన్నాడు, తీసుకున్నాడు, దేవుడి పేరు చేర్చాడు, వాళ్ళ కొడుకులూ మనవలూ రాగి మీద చెక్కించారు. ఆ ఇంట్లోనే ఆయన భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. మంజరీ ద్విపద, ఆడవాళ్ళు పాడుకోవడానికి వీలైన నడక. తెలుగులో మొదటి కవయిత్రి అని సాహిత్య చరిత్రలో ఒక వాక్యం ఆమెకు దొరికింది. సంగీత చరిత్రలో ఆ వాక్యం కూడా లేదు.

ఇక నా ఆలోచన ఇలా సాగింది. రాగిరేకు మీద మాట ఉంది, వరస లేదు. మా జేజి నోట్లో వరస ఉంది, రేకు లేదు. వరస పోయినదాన్ని సంగీత చరిత్ర అంటున్నాం. వరస బతికి ఉన్నదాన్ని ఎందుకు అనడం లేదు? దంపుళ్ళ పాటల వరసలు సేకరించి, స్వరపరచి, వాటిని సువ్వి పాటల ఛందస్సు పక్కన పెట్టి చూస్తే పోయిన వరసల ఆనవాలు ఏమైనా దొరకదా? రుజువవుతుందని కాదు. అయిదు వందల ఏళ్ళలో ఏ వరసైనా అలాగే ఉంటుందని ఎవరూ అనలేరు. కనీసం ప్రశ్న అడగొచ్చు కదా.

1991లో ఈ ప్రశ్నతో పరిశోధనకు ఒక విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెట్టాను. సంగీత శాఖ కమిటీలో అయిదుగురు మగవాళ్ళు, ఒక మేడమ్. "ఇది జానపదం. దానికి వేరే శాఖ ఉందమ్మా" అన్నారు. సరే అని ఆ శాఖకు వెళ్ళాను. అక్కడ పెద్దమనిషి ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి టీ తెప్పించి "పాఠం రాసివ్వండి చాలు, స్వరాలు మేమేం చేసుకుంటాం?" అన్నాడు. ఒక శాఖకు వరస కావాలి, కానీ దానికి మగ వాగ్గేయకారుడి సంతకం ఉండాలి. ఇంకో శాఖ సంతకం లేకపోయినా పర్వాలేదంటుంది, కానీ దానికి మాటలే కావాలి. ఆడవాళ్ళ గొంతు ఈ రెండు గదుల మధ్య వరండాలో నిలబడింది. నేనూ అక్కడే నిలబడ్డాను.

శాఖలను తప్పు పట్టడం తేలిక. తెలుగులో జానపద పరిశోధన గొప్పగా మొదలైంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో 1956లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం లేకపోతే ఈ పాటలకు విశ్వవిద్యాలయం గడప దాటే అర్హతే వచ్చేది కాదు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు కృష్ణశ్రీ సంపాదకత్వంలో 'స్త్రీల రామాయణపు పాటలు' వేసింది. ఆ పాటల్లో రాముడి కంటే కౌసల్య వేవిళ్ళకూ, ఊర్మిళ నిద్రకూ, సీత ఒంటరితనానికీ ఎక్కువ చోటుందని వెల్చేరు నారాయణరావు 1991లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం ప్రపంచానికి చెప్పింది. ఆ వ్యాసం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ అందులోనూ మాటే ఉంది, వరస లేదు. వరసను పట్టించుకున్నది యూనివర్సిటీ బయట ఉన్న ఆడవాళ్ళు. వింజమూరి అనసూయ, సీత అక్కాచెల్లెళ్ళు పల్లె పాటలను హార్మోనియం మీదికి, రేడియోలోకి తెచ్చారు, అనసూయ వాటిని స్వరాలతో పుస్తకాలుగా వేసింది. వాళ్ళమ్మ వెంకటరత్నమ్మ కాకినాడలో 'అనసూయ' అనే స్త్రీల పత్రిక నడిపిన మనిషి. పాటకూ పత్రికకూ అలా చుట్టరికం ఉంది. ఆ స్వరాల పుస్తకాలను మా సంగీత శాఖ లైబ్రరీలో 'లలిత సంగీతం' అరలో పెట్టారు. ఎవరూ తీసేవారు కాదు.

నేను బేరం కుదుర్చుకున్నాను. అన్నమయ్య పాటల్లో రాగాల పేర్ల మీద సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేట్ తీసుకున్నాను. వాళ్ళకు కావలసింది వాళ్ళకు ఇచ్చి, జీతంలోంచి ఒక ఫిలిప్స్ టేప్ రికార్డర్ కొనుక్కున్నాను. నంద్యాలలో కాపురం. ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి శిరివెళ్ళ, ఆళ్ళగడ్డ, అహోబిలం దారిలో పల్లెల్లో దిగేదాన్ని. సంక్రాంతి తర్వాత అహోబిలం పారువేట ఉత్సవమప్పుడు మరీ బాగుండేది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన అల్లుడిగా దాదాపు నలభై రోజులు ఊరూరా తిరుగుతాడు. పల్లకి వచ్చిన రాత్రి ఆడవాళ్ళు కోలాటాలు వేస్తారు. పెళ్ళాం తెలిసి సవతి పోరు పెట్టిందనే పాటలు అర్ధరాత్రి దాకా నడుస్తాయి. దేవుడి గురించి ఇంత చనువుగా మాట్లాడే పాటలు నేను ఏ కచ్చేరీలోనూ వినలేదు.

రికార్డు చేయడం అనుకున్నంత సులువు కాదు. ఒక పెద్దావిడను అరుగు మీద కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి, దంపుళ్ళ పాట పాడమన్నాను. రెండు చరణాల తర్వాత ఆగిపోయింది. వరస కూడా సాగిపోయి కీర్తనలా అయింది. "కూర్చోని పాడమంటే యాడొస్తాది పాపా, చేతిలో రోకలి ల్యాకుండా?" అంది. అప్పటికే ఆ ఊళ్ళో మిల్లు వచ్చి చాలా ఏళ్ళయింది. పక్కింటి అటక మీదనుంచి రోకలి దించి, దుమ్ము తుడిచి, రోట్లో గుప్పెడు వడ్లు పోసి ఇస్తే పదిహేడు చరణాలు ఆగకుండా వచ్చాయి. రోకలి లేచేటప్పుడు ఊపిరి, పడేటప్పుడు మాట. పోటు పడిన చోట తాళం. ఆ పాటకు తాళం చేతి వేళ్ళలో లేదు, భుజంలో ఉంది.

ఆ వరసలను స్వరపరచడానికి కూర్చుంటే నేను చదివిన శాస్త్రం సగం పనికొచ్చింది, సగం అడ్డొచ్చింది. చాలా పాటలు షడ్జంనుంచి పంచమం దాటవు. గాంధారం దగ్గరే చిక్కు. సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, రెంటికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది. ఒకే మనిషి ఒకే పాటలో దాన్ని పైకి పోయేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా పట్టేది. "శ్రుతి తప్పింది" అని రాసెయ్యొచ్చు. కానీ పదిహేడు చరణాల్లోనూ అదే చోట అదే విధంగా తప్పితే, అది తప్పు కాదు, పద్ధతి. మన కర్ణాటక సంగీతంలో గమకం కింద ఎన్ని గాంధారాలను మనం గౌరవంగా దాచుకుంటామో అందరికీ తెలుసు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మా జేజి పాట ఇంటి లోపలి పాట. కేసీ కెనాల్ కింద నాట్లు వేసిన ఆడవాళ్ళ పాటలు వేరు. ఎక్కువమంది మాల మాదిగ ఇండ్లనుంచి వచ్చేవాళ్ళు. రైతు గట్టు మీద నిలబడి ఉంటే ఒక పాట, వెళ్ళిపోయాక ఇంకో పాట. "అది టేపులో వద్దులేమ్మా" అన్నవి ఉన్నాయి, వాటిని టేపులో పెట్టలేదు. 'స్త్రీల పాటలు' అని ఒక్క సంచిలో వేసి మూట కడితే ఏ స్త్రీ దంచింది, ఏ స్త్రీ దంచుకున్న బియ్యం తిన్నది అనే తేడా మాయమవుతుంది. నా మొదటి టేపుల మీద కులం, కూలి, భూమి అనే గళ్ళు లేవు, తర్వాతవాటి మీద ఉన్నాయి.

2004లో మద్రాసులో ఒక లైబ్రరీలో చేతికందిన ఒక పుస్తకం నన్ను చాలా దూరం తీసుకుపోయింది. చెక్ సంగీతకారుడు లియోష్ యానాచెక్ భార్య జ్డెంకా జ్ఞాపకాలు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన జాన్ టిరెల్ తన అకడమిక్ జీవితమంతా చెక్ సంగీతం మీదే పెట్టిన చరిత్రకారుడు. దక్షిణ రొడీషియాలో పుట్టి, కేప్‌టౌన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, నాటింగ్‌హామ్‌లో, కార్డిఫ్‌లో పాఠం చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళు పెద్దగా పట్టించుకోని ఒక చిన్న భాష నేర్చుకుని, ఆ సంగీతానికి చరిత్రకారుడయ్యాడు. 2018లో పోయాడు. యానాచెక్ జీవితం మీద రెండు పెద్ద సంపుటాలు రాసిన ఈ మనిషే, యానాచెక్ భార్య మాటలను కూడా 1998లో ప్రచురించాడు. ఆ పని నాకు నచ్చింది. జ్డెంకా ఆయన దగ్గర పియానో నేర్చుకున్న పిల్ల. పదహారేళ్ళు నిండకముందే, 1881లో, ఆయనతో పెళ్ళి. ముసలితనంలో ఆయన కమిలా అనే పెళ్ళైన ఆమెకు ఏడు వందలకు పైగా ఉత్తరాలు రాశాడు. ఆయన చివరి రచనల వెనక ఉన్న ప్రేరణ అని లోకం ఆ ఉత్తరాలనే చదివింది. ఇంట్లో కూర్చున్న జ్డెంకా 1935లో తన కథ ఒక స్నేహితురాలికి చెప్పి రాయించింది. అది అచ్చవడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

యానాచెక్ మనుషులు మాట్లాడుతుంటే ఆ మాట వరసను స్వరాల్లో రాసుకునేవాడు. సంతలో బేరమాడే ఆడవాళ్ళవి, దారిన పోయే పిల్లలవి. 1903లో ఇరవై ఏళ్ళ కూతురు ఓల్గా చనిపోతుంటే ఆమె చివరి మాటలను కూడా స్వరాల్లో రాశాడు. నాకు ఒళ్ళు జలదరించింది. అది ప్రేమా, దోపిడీయా అని ఎన్నిసార్లు ఆలోచించానో. ఆ ఏడాది ముగించిన 'యెనూఫా' ఒపెరాను ఆమెకే అంకితమిచ్చాడు. పెళ్ళి కాకుండా తల్లైన ఒక పల్లె పిల్ల కథ అది, పరువు కోసం ఆ బిడ్డను సవతి తల్లి చంపేస్తుంది. కథ గాబ్రియెలా ప్రైసోవా అనే రచయిత్రి 1890లో రాసిన నాటకంలోది. పరువు పేరుతో జరిగే ఇలాంటి చావులు మా సీమకు కొత్త కాదు.

అన్నిటికంటే నన్ను ఆపిన పేరు ఫ్రాంటిష్కా కిసెల్కోవా. యానాచెక్‌తో కలిసి మొరావియా పల్లె పాటలు సేకరించినామె. 1909నుంచి 1912 దాకా వాళ్ళు ఫోనోగ్రాఫ్ పట్టుకుని మైనపు సిలిండర్ల మీద పాటలు ఎక్కించారు. అంటే వాళ్ళకు మాట చాలలేదు, వరస కావాలి, గొంతు కావాలి. ఆ పాటలు మొరావియాలో సంగీత చరిత్రగానే చదువుతారు, పక్క గదికి పంపరు. అయినా యానాచెక్ పేరు తెలిసినవాళ్ళలో ఆమె పేరు ఎందరికి తెలుసు? టేప్ రికార్డర్ సంచీ భుజాన వేసుకుని శిరివెళ్ళలో బస్సు దిగినప్పుడల్లా ఆమె బరువైన పెట్టె మోసుకుని కొండ దారిలో నడుస్తున్నట్టు ఊహించుకునేదాన్ని.

అంత దూరం పోనక్కర్లేదు. మనకు నాగరత్నమ్మ ఉంది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అంతకు ముందు అచ్చయిన ప్రతిలో ఆ కవయిత్రి తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న భాగాలే లేవని గమనించి, వ్రాతప్రతి సంపాదించి, పోల్చి, 1910లో పూర్తిగా అచ్చు వేయించింది. తర్వాత ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే 1947 దాకా ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది, అక్కడ ఆడవాళ్ళను పాడనివ్వకపోతే 1927లో ఆడవాళ్ళ బృందం కట్టింది. ప్రతులు పోల్చడం, లోపించినదాన్ని పట్టుకోవడం, ఆధారంతో నిలబెట్టడం కాకపోతే పరిశోధన అంటే ఏమిటి? నేను పని చేసినన్నాళ్ళూ మా సిలబస్‌లో ఆమె 'గాయనీమణులు' అనే యూనిట్‌లోనే ఉంది. 'లక్షణకర్తలు, పరిశోధకులు' అనే యూనిట్‌లోకి మార్చాలని మూడుసార్లు రాసి ఇచ్చాను. మూడుసార్లూ "వచ్చే బోర్డులో చూద్దాం" అన్నారు.

నా ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి. దంపుళ్ళ పాటల మీద రాసిన వ్యాసాలు "సబ్జెక్టుకు సంబంధించినవి కావు" అని లెక్కలోంచి తీసేశారు, రాగాల పేర్ల మీద రాసిన ఆ ఒక్క పుస్తకమే నన్ను నిలబెట్టింది. దాని గురించి ఏడుపు లేదు. మా క్లాసుకు నంద్యాల, కోవెలకుంట్ల, బనగానపల్లెనుంచి పిల్లలు వచ్చేవాళ్ళు. మొదటి సెమిస్టర్‌లో వాళ్ళకు ఒక పని ఇచ్చేదాన్ని. ఇంటికి పోయి అమ్మమ్మనో జేజినో ఒక పాట పాడించి, ఎన్ని స్వరాల్లో ఉందో రాసుకు రండి. మొదట్లో సిగ్గుపడేవాళ్ళు. ఒక పిల్ల "మా అవ్వకు పాటలు రావు మేడమ్" అంది. నెల తర్వాత ఇరవై రెండు పాటలు తెచ్చింది.

రిటైరయ్యాక టేపులు ముందేసుకున్నాను. నలభై మూడు క్యాసెట్లు. కొన్నిటికి బూజు పట్టింది, రెండు పూర్తిగా పోయాయి. ఒక సంస్థవాళ్ళు డిజిటల్ చేసి దాచుతామన్నారు. ఒక్కో పాటకు ఒక ఫారం నింపాలి. రాగం, తాళం, రచయిత, గాయని. రాగం దగ్గర స్వరాలు రాశాను, ఆ పేరు లేని గాంధారం పక్కన బాణం గుర్తు పెట్టాను. తాళం దగ్గర 'రోకలి, జోడు', 'ఇసుర్రాయి', 'నాటు' అని రాశాను. రచయిత దగ్గర ఆ సంస్థ కుర్రాడు "తెలియదు అని పెట్టేద్దాం మేడమ్" అన్నాడు. వద్దన్నాను. పాడిన మనిషి పేరు, ఆ పాట ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆమె తల్లో, అత్తో, కూలికి కలిసి పోయిన ఆమో, వాళ్ళ ఊరు, దొరికినంత వెనక్కి రాస్తున్నాను. గడి చాలక వెనక పేజీలోకి పోతోంది. ఇప్పటికి పంతొమ్మిది క్యాసెట్లయ్యాయి.